ఊరు విడిచిన హాకీ జట్లు – తిరిగి వచ్చినవి, రానివి

ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, ఏ శాతవాహనుల గురించో, కాకతీయుల గురించో వ్రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. ఆ పని నాకంటే బాగా చేయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను ముప్పైనాలుగేళ్ళు లెక్కల విభాగంలో కూర్చుని జమాఖర్చులు సరిచూసినవాణ్ణి. అందుచేత జమకూ ఖర్చుకూ పొత్తు కుదరక ఊళ్ళకు ఊళ్ళే కన్నీరు పెట్టుకున్న ఒక కథ చెబుతాను. కథ కెనడా దేశానిది. ఆట మంచు హాకీ.

మా అమ్మాయి కుటుంబం విన్నిపెగ్ నగరంలో ఉంటుంది. మానిటోబా రాష్ట్రానికి అది రాజధాని. చలికాలంలో అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు ముప్పై డిగ్రీలు దిగువకు పడిపోయినా ఎవరూ వింతగా చెప్పుకోరు. నేనూ మా ఇంటావిడా అక్కడికి వెళ్ళిన మొదటి చలికాలంలో మా మనుమడు "తాతయ్యా, హాకీకి రావలసిందే" అని పట్టుబట్టాడు. హాకీ అంటే నాకు తెలిసింది ధ్యాన్‌చంద్ ఒక్కడే. రెండు స్వెట్టర్లు, శాలువా, మంకీ టోపీ వేసుకుని బయలుదేరాను. లోపల పదిహేనువేలమంది జనం. ఆటకు ముందు జాతీయగీతం పాడుతున్నప్పుడు నా పక్కన నిలబడిన పెద్దమనిషి, సుమారు నా ఈడువాడే, కళ్ళు తుడుచుకోవడం చూశాను. దేశభక్తి కాబోలు అనుకున్నాను. తరువాత మా మనుమడితో ఆయన మాట్లాడగా తెలిసిందేమంటే, ఆ ఊరికి పదిహేనేళ్ళపాటు ఆ ఆట లేకుండా పోయిందట. ఆట మళ్ళీ వచ్చాక ప్రతిసారీ తనకు అలాగే అవుతున్నదట. ఆ ఒక్క మాట పట్టుకుని, తిరిగి వచ్చేలోపల మా అల్లుడు తెచ్చిపెట్టిన పుస్తకాలూ పాత పత్రికలూ చదివాను. ఆ తరువాత కూడా ఆ సంగతులు వాకబు చేస్తూనే ఉన్నాను.

ముందుగా ఆట గురించి రెండు ముక్కలు. ఒక్కో వైపు గోలీతో కలిపి ఆరుగురు. కాళ్ళకు ఉక్కు అంచు ఉన్న స్కేట్లు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళ. దాన్ని పక్ అంటారు. ఇరవై నిమిషాల చొప్పున మూడు విడతలు. ఆటగాళ్ళు ఒకరినొకరు గుద్దుకోవడం నిబంధనలకు లోబడే జరుగుతుంది. మా ఇంటావిడ మొదటి విడత కాగానే కళ్ళు మూసుకుంది.

రెండవది, జట్టు ఎవరిది అన్న సంగతి. ఇది తెలియకపోతే కథ అర్థం కాదు. మన రంజీ జట్టును ఎవరూ అమ్మరు, కొనరు. అక్కడ వృత్తి హాకీ జట్టు ఒక యజమాని సొత్తు. లీగులో ఆడే హక్కు ఆయన కొనుక్కున్నది. లీగు ఒప్పుకుంటే దాన్ని వేరే ఊరికి పట్టుకుపోవచ్చు. ఇప్పుడు ఐ.పి.ఎల్. పుణ్యమా అని మనకూ ఈ పద్ధతి కొంత తెలిసింది. హైదరాబాదు పేరు పెట్టుకున్న డెక్కన్ చార్జర్స్ 2009లో కప్పు గెలిచి, 2012లో రద్దయిపోయింది. అయితే ఆ సంవత్సరమే వేరొక సంస్థ హైదరాబాదు జట్టు హక్కు కొనుక్కోవడంతో మనవాళ్ళకు ఒక్క సీజను కూడా ఖాళీ పోలేదు. కెనడావాళ్ళకు అంత అదృష్టం లేకపోయింది.

వృత్తి హాకీకి పెద్ద లీగు నేషనల్ హాకీ లీగు. 1917 నవంబరులో మాంట్రియల్ నగరంలో పుట్టింది. పుట్టినప్పుడు అందులో అన్నీ కెనడా జట్లే. గెలిచినవారికి ఇచ్చే స్టాన్లీ కప్పు ఇంకా పాతది. గవర్నర్ జనరల్‌గా ఉన్న స్టాన్లీ ప్రభువు 1892లో దాన్ని బహూకరించాడు. విన్నిపెగ్‌కు చెందిన విక్టోరియాస్ జట్టు 1896లోనే ఆ కప్పు గెలిచింది. క్విబెక్ నగరం జట్టు 1912, 1913 సంవత్సరాల్లో వరుసగా గెలిచింది. అంటే ఈ ఊళ్ళు నిన్న మొన్న ఆట నేర్చుకున్నవి కావు.

మొదటి వలసలు కూడా అప్పటివే. క్విబెక్ జట్టు 1920లో హామిల్టన్ నగరానికి పోయి హామిల్టన్ టైగర్స్ అయింది. ఈ హామిల్టన్ కథ మన పాఠకులకు ప్రత్యేకంగా నచ్చుతుంది, ఎందుకంటే అది సమ్మె కథ. 1925లో ఆ జట్టు లీగులో మొదటి స్థానం సంపాదించింది. ఆ ఏడు ఆటల సంఖ్య పెంచారు గాని జీతం పెంచలేదు. ఫైనలు పోటీలు ఆడాలంటే మనిషికి 200 డాలర్లు అదనంగా ఇవ్వమని ఆటగాళ్ళు కోరారు. లీగు అధ్యక్షుడు ఫ్రాంక్ కాల్డర్ ససేమిరా అన్నాడు. ఆటగాళ్ళను సస్పెండు చేసి జరిమానా వేశాడు. ఆ వేసవిలోనే ఆటగాళ్ళ ఒప్పందాలన్నీ 75 వేల డాలర్లకు న్యూయార్కులో పెట్టిన కొత్త జట్టుకు అమ్ముడుపోయాయి. సమ్మె చేసిన ఊరికి ఈనాటివరకు ఆ లీగులో జట్టు లేదు. నూరేళ్ళు దాటింది.

1920ల్లో నాలుగుసార్లు కప్పు గెలిచిన ఒట్టావా సెనెటర్స్, ఆర్థికమాంద్యంలో నిలదొక్కుకోలేక 1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు వెళ్ళి, ఒక్క సీజను ఆడి మూతపడింది. 1938లో మాంట్రియల్‌లోని రెండవ జట్టు మరూన్స్ కూడా ఆగిపోయింది. 1942 నుంచి పాతికేళ్ళపాటు లీగులో ఆరే జట్లు, అందులో కెనడావి రెండే, మాంట్రియల్, టొరాంటో. ఆటను కనిపెట్టిన దేశం తన ఆటను రేడియోలోనూ, తరువాత టెలివిజన్‌లోనూ వింటూ చూస్తూ గడిపింది.

1972లో పోటీ లీగు ఒకటి పుట్టింది, వరల్డ్ హాకీ అసోసియేషన్ అని. విన్నిపెగ్ జెట్స్, క్విబెక్ నోర్డిక్స్, రెండూ అందులో పుట్టినవే. విన్నిపెగ్‌వారు చికాగో జట్టులోని మహా ఆటగాడు బాబీ హల్‌ను 27 లక్షల 50 వేల డాలర్ల ఒప్పందంతో రప్పించారు. అందులో పది లక్షలు ముందే ఇచ్చారు. ఊరి నడిబొడ్డున పోర్టేజ్, మెయిన్ అనే రెండు వీధులు కలిసే కూడలిలో జనం చూస్తుండగా మనిషంత చెక్కు ఇచ్చారు. ఆ కాలంలో హాకీ ఆటగాడికి అంత సొమ్ము కనీవినీ ఎరుగనిది. ఆ తరువాత స్వీడన్ నుంచి ఆటగాళ్ళను తెచ్చి, యూరపు పద్ధతిలో వేగంగా ఆడి, ఆ లీగు కప్పు మూడుసార్లు గెలిచారు.

1979లో ఆ లీగు మూతపడుతూ నాలుగు జట్లను పెద్ద లీగులో కలిపింది. వాటిలో మూడు కెనడావి, ఎడ్మంటన్, విన్నిపెగ్, క్విబెక్. ఆ విలీనం కూడా ఊరికే జరగలేదు. మొదటిసారి ఓటు పెట్టినప్పుడు వీగిపోయింది. వ్యతిరేకించినవారిలో మాంట్రియల్ జట్టు ఒకటి. దాని యజమాని మోల్సన్ బీరు కంపెనీ. వెంటనే జట్టు లేని ఊళ్ళలో జనం ఆ బీరు మానేశారు. కొద్దిరోజుల్లోనే రెండవసారి ఓటు పెడితే విలీనం నెగ్గింది. ఇందులో నాకు భలే నచ్చిందేమంటే, ఆ జనం ఒక్క మహజరు కూడా పట్టుకుని తిరగలేదు. సీసా దించారు, అంతే.

ఇక అసలు కథకు వస్తున్నాను. జట్టు వచ్చినంత మాత్రాన జమాఖర్చు సరిపోదు. విన్నిపెగ్, క్విబెక్ రెండూ లీగులోని చిన్న ఊళ్ళు. పాత ఇండోర్ స్టేడియాలు. అమెరికాలో కొత్తగా కడుతున్న వాటిల్లాగా కంపెనీలు లక్షలు పోసి కొనుక్కునే ప్రత్యేక గదులు లేవు. ఇది మొదటి లోటు. రెండవది ఆటగాళ్ళ జీతాలు. 1990ల్లో అవి మబ్బులెక్కాయి. 1994లో యజమానులు లాకౌటు ప్రకటించి సగం సీజను పోగొట్టుకున్నా, జీతాలకు గరిష్ఠ పరిమితి మాత్రం సాధించలేకపోయారు.

మూడవది అన్నిటికంటే పెద్దది. దానిదగ్గర కాస్త ఆగుతాను, అది మా శాఖ విషయం గనుక. జట్టుకు టికెట్ల డబ్బు వచ్చేది కెనడా డాలర్లలో. జీతాలు ఇచ్చేది అమెరికా డాలర్లలో. 1970ల నడుమ ఈ రెండు డాలర్లూ ఇంచుమించు సమానం. అందుచేత ఎవరూ పట్టించుకోలేదు. 1995 వచ్చేసరికి అమెరికా డాలరు ఒకటి కొనడానికి సుమారు 1 డాలరు 37 సెంట్ల కెనడా సొమ్ము కావాలి. 2002 జనవరిలో అది 1 డాలరు 61 సెంట్లు దాటింది. అంటే నూరు రూపాయల జీతానికి ఒక జట్టు నూరే ఇస్తుంటే, పక్క జట్టు అదే మనిషికి నూట ముప్పైఏడో, నూట అరవైయో ఇవ్వాలన్నమాట. జట్టు ఎంత బాగా ఆడినా, జనం ఎంత వచ్చినా ఈ లోటు పూడదు. ఏ పద్దు కింద వ్రాయగలం దీన్ని? ఊరి తప్పూ కాదు, ఆటగాడి తప్పూ కాదు.

ముందు పోయింది క్విబెక్. అది ఫ్రెంచి మాట్లాడే నగరం. మాంట్రియల్ జట్టుతో దానికి ఉన్న వైరం గురించి చెప్పాలంటే వేరే వ్యాసం కావాలి. ఒకే ఇంట్లో అన్నదమ్ములు చెరొక జట్టు పక్షాన ఉండి భోజనాల దగ్గర మాట్లాడుకునేవారు కాదని చెప్పుకుంటారు. 1991లో ఎరిక్ లిండ్రోస్ అనే గొప్ప యువకుణ్ణి ఎంచుకునే మొదటి అవకాశం క్విబెక్‌కు వస్తే, అతడు ఆ ఊరికి రానని మొండికేశాడు. 1992లో అతణ్ణి ఫిలడెల్ఫియాకు ఇచ్చి, బదులుగా పలువురు ఆటగాళ్ళనూ కోటి 50 లక్షల డాలర్లనూ తీసుకున్నారు. ఆ వచ్చినవాళ్ళలో పీటర్ ఫోర్స్‌బర్గ్ ఒకడు. చూడండి విచిత్రం, అవమానం నుంచే బలమైన జట్టు తయారైంది. 1994–95 సీజనులో తూర్పు విభాగంలో మొదటి స్థానం వాళ్ళదే. ఆ సీజను ముగియగానే, రాష్ట్ర ప్రభుత్వం ఆదుకోవడానికి ఒప్పుకోకపోవడంతో, 1995 మే నెలలో యజమానులు జట్టును 7 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్మేశారు. జట్టు డెన్వర్ వెళ్ళి కొలరాడో అవలాంచ్ అయింది. మరుసటి సంవత్సరం, 1996 జూన్‌లో, స్టాన్లీ కప్పు గెలిచింది. విత్తనం వేసి నీళ్ళు పోసింది ఒకరు, కోత కోసుకున్నది వేరొకరు. క్విబెక్ జనం ఆ రాత్రి టీవీ ముందు ఏ మొహం పెట్టుకుని కూర్చున్నారో నేను ఊహించలేను.

విన్నిపెగ్ అంత తేలికగా వదల్లేదు. అక్కడి పాత స్టేడియంలో ఒక చివర గోడనిండా ఎలిజబెత్ రాణి చిత్రపటం ఉండేది. ఆ పటం కింద జనం ఒక ఆచారం పెట్టుకున్నారు. 1987 నుంచి ఫైనలు పోటీలు వస్తే అందరూ తెల్లబట్టలు కట్టుకుని రావడం. వేలమంది తెల్లగా ఒకేసారి లేచి నిలబడితే బయట కురిసే మంచు లోపలికి వచ్చినట్లు ఉండేదట. 1992–93లో ఫిన్లండు కుర్రవాడు టీము సెలానే తన మొదటి సీజనులోనే 76 గోల్సు కొట్టాడు. కొత్త ఆటగాళ్ళలో ఆ రికార్డును నేటికీ ఎవరూ అందుకోలేదు. అయినా లెక్క లెక్కే.

1995 మే నెలలో స్టేడియంలో వీడ్కోలు సభ కూడా జరిగిపోయింది. జట్టుకు ఏళ్ళ తరబడి ఆడిన థామస్ స్టీన్ చొక్కా అంకెను ఇక ఎవరికీ ఇవ్వబోమని ప్రకటించారు. కాని ఊరు ఒప్పుకోలేదు. పదిరోజులు తిరక్కుండానే రెడ్, అసినిబోయిన్ నదులు కలిసేచోట, ఫోర్క్స్ అనే మైదానంలో సుమారు 35 వేలమంది సమావేశమయ్యారు. చందాలు పోగుచేశారు. పిల్లలు తమ డబ్బాల్లో దాచుకున్న చిల్లర తెచ్చి ఇచ్చారు. స్థానిక పెద్దమనుషులు జట్టును కొనడానికి వేసవంతా ప్రయత్నించారు. కొత్త స్టేడియం ఎవరు కట్టాలి, ముందుముందు నష్టాలు ఎవరు భరించాలి అన్న ప్రశ్నల దగ్గర బేరం తెగింది. దక్కింది ఒక్క సంవత్సరం గడువు. అంత్యకాలంలో మందు పోసి ఇంకొన్నాళ్ళు నిలబెట్టినట్లు. 1996 ఏప్రిల్ 28న డెట్రాయిట్ చేతిలో 4–1 తేడాతో ఓడిపోయి ఆ జట్టు కథ విన్నిపెగ్‌లో ముగిసింది. ఆ శరదృతువులో అరిజోనా ఎడారిలో ఫీనిక్స్ కాయోటీస్ అనే పేరుతో మళ్ళీ ఆట మొదలుపెట్టింది.

పిల్లల చిల్లర గురించి చదివినప్పుడు మాత్రం నేను పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. పెద్దవాళ్ళ లెక్క తప్పినప్పుడు పిల్లల డబ్బా పగలగొట్టడం సబబేనా? వాళ్ళు ఇష్టపడే ఇచ్చారు నిజమే. కాని ఆ చిల్లరతో ఆ లోటు పూడదని పెద్దవాళ్ళలో కొందరికైనా తెలిసే ఉండాలి.

ఆ రోజుల్లో ఇంకొన్ని ఊళ్ళకూ గండం వచ్చి తప్పింది. ఎడ్మంటన్ జట్టును 1998లో హ్యూస్టన్‌కు చెందిన ధనికుడు కొనబోతే, ఊరివాళ్ళు ముప్పైకి పైగా మంది వాటాలు వేసుకుని నిలుపుకున్నారు. 2000 జనవరిలో కేంద్రమంత్రి జాన్ మాన్లీ హాకీ జట్లకు ప్రభుత్వ సాయం ప్రకటించాడు. ఆసుపత్రులకు లేని డబ్బు కోటీశ్వరుల ఆటకు ఎక్కడిదని దేశమంతా గగ్గోలు పుట్టింది. మూడు రోజుల్లో ప్రకటన వెనక్కు తీసుకున్నారు. ప్రభుత్వ కాగితం ఇంత వేగంగా కదలడం నా సర్వీసులో నేనెప్పుడూ చూడలేదు.

తిరిగి వచ్చినవాటిలో మొదటిది ఒట్టావా. అది వలసల కంటే ముందే ఖరారైంది. లీగు విస్తరణలో భాగంగా 5 కోట్ల డాలర్ల రుసుముకు 1990 డిసెంబరులో ఆ నగరానికి జట్టు మంజూరైంది. అదే జట్టుకోసం హామిల్టన్ కూడా పోటీపడింది. 1985లోనే పెద్ద స్టేడియం కట్టుకుని ఎదురుచూస్తున్నది గదా! రుసుము చెల్లింపు షరతుల దగ్గర హామిల్టన్ బేరం చెడింది. ఒట్టావా ప్రయత్నానికి అండగా నిలిచినవారిలో 1927లో కప్పు గెలిచిన పాత సెనెటర్స్ జట్టులో మిగిలిన ఆఖరి సభ్యుడు ఫ్రాంక్ ఫిన్నిగన్ ఉన్నాడు. జట్టు వస్తుందని తెలిసింది గాని, చూసే యోగం లేకపోయింది. 1991 డిసెంబరులో కన్నుమూశాడు. 1992 అక్టోబరు 8న మొదటి ఆటకు ముందు ఆయన అంకె ఎనిమిదిని గౌరవంగా పక్కన పెట్టారు. ఆ రాత్రి కొత్త జట్టు మాంట్రియల్‌ను 5–3తో ఓడించింది. ఆ ఊపు మళ్ళీ కనిపించలేదు. ఆ సీజనులో 84 ఆటల్లో గెలిచినవి పదే. అయినా యాభైఎనిమిదేళ్ళు ఎదురుచూసినవారికి అది ఒక లెక్కా! 2003 జనవరిలో ఆ జట్టు దివాలా పిటిషను వేసింది, కొత్త యజమాని వచ్చాడు, నిలబడింది. 2023లో అదే జట్టు సుమారు 95 కోట్ల అమెరికా డాలర్లకు చేతులు మారింది.

విన్నిపెగ్ తిరిగి రావడానికి మూడు సంగతులు కలిసొచ్చాయి. ఒకటి, 2004–05లో యజమానులు ఏకంగా సీజను మొత్తం రద్దు చేసి, చివరకు జీతాలకు గరిష్ఠ పరిమితి సాధించారు. మొదటి ఏడు అది జట్టుకు 3 కోట్ల 90 లక్షల డాలర్లు. రెండు, కెనడా డాలరు కోలుకుని 2007 సెప్టెంబరులో అమెరికా డాలరుతో సమానమైంది. ఈ రెండూ ఊరి చేతిలోనివి కావు. మూడవది ఊరు తాను చేసుకున్నది. మార్క్ చిప్‌మన్ అనే స్థానిక వ్యాపారి ట్రూ నార్త్ అనే సంస్థ పెట్టి, మూతపడిన ఈటన్స్ దుకాణం పడగొట్టిన స్థలంలో 2004 నవంబరులో కొత్త స్టేడియం తెరిచాడు. సుమారు పదిహేనువేల సీట్లు. పెద్ద లీగుకు అది చిన్నదే. అందులో మానిటోబా మూస్ అనే రెండవ శ్రేణి జట్టును ఆడిస్తూ, ఎవరినీ తిట్టకుండా, పత్రికలకెక్కకుండా కూర్చున్నాడు. కెనడాలోకెల్లా మిక్కిలి ధనికుడైన డేవిడ్ థామ్సన్ భాగస్వామి అయ్యాడు.

దీనికి పూర్తి భిన్నమైన దారి జిమ్ బాల్సిల్లీది. బ్లాక్‌బెర్రీ ఫోన్ల కంపెనీ అధిపతుల్లో ఒకడు. పిట్స్‌బర్గ్ జట్టును, ఆ తరువాత నాష్‌విల్ జట్టును కొనబోయి విఫలుడయ్యాడు. 2009లో దివాలా తీసిన ఫీనిక్స్ జట్టును, అంటే ఒకనాటి విన్నిపెగ్ జట్టునే, కోర్టు ద్వారా కొని హామిల్టన్‌కు తరలించాలని చూశాడు. సొమ్ము ఎక్కువే ఇస్తానన్నాడు. జట్టు ఎక్కడ ఉండాలో, యజమాని ఎవరు కావాలో నిర్ణయించేది లీగే అన్న వాదన ముందు అది నిలవలేదు. 2009 సెప్టెంబరు 30న న్యాయమూర్తి తిరస్కరించాడు. తలుపు తట్టినవాడికి తెరిచారు, బద్దలు కొట్టబోయినవాడికి గొళ్ళెం పెట్టారు. హామిల్టన్‌కు మరోసారి నిరాశే.

చిప్‌మన్ ఫీనిక్స్ జట్టుకోసం రెండేళ్ళు కాచుకున్నాడు. అక్కడి గ్లెండేల్ మునిసిపాలిటీ నష్టాలు భర్తీ చేయడానికి ఒక సీజనుకు రెండున్నర కోట్ల డాలర్లు ఇచ్చి జట్టును ఆపుకుంది. అప్పుడు అట్లాంటా జట్టు అమ్మకానికి వచ్చింది. 2011 మే 31న ప్రకటన. మొత్తం 17 కోట్ల డాలర్లు, అందులో 6 కోట్లు తరలింపు రుసుము కింద లీగుకు. అయితే లీగు ఒక పరీక్ష పెట్టింది. 13 వేల సీజను టికెట్లు అమ్ముడుపోవాలి, అదీ మూడు నుంచి ఐదేళ్ళ కట్టుబాటుతో. పాత మూస్ జట్టు టికెట్టుదారులకు ముందు అవకాశం ఇచ్చి, మిగిలినవి జూన్ 4న అందరికీ తెరిస్తే పదిహేడు నిమిషాల్లో అయిపోయాయి. మా అల్లుడు ఆ రోజు కంప్యూటరు ముందు కూర్చుని ఉత్తచేతులతో లేచినవాళ్ళలో ఒకడు.

2011 అక్టోబరు 9న మొదటి ఆట. మాంట్రియల్ చేతిలో 5–1తో ఓడిపోయారు. ఆ ఒక్క గోలుకు ఊరు ఊగిపోయిందట. పేరు జెట్స్ అనే పెట్టారు. జనం ఇంకో పేరు ఒప్పుకునేవారు కాదు. ట్రూ నార్త్ అన్న మాట జాతీయగీతంలో వస్తుంది. అక్కడికి రాగానే స్టేడియమంతా ఒక్క గొంతుతో ఆ రెండు మాటలూ అరుస్తుంది. నా పక్క పెద్దమనిషి కళ్ళు తుడుచుకున్నది అప్పుడే.

లెక్కలవాడిగా ఒక చిన్న సవరణ వేయాలి. తిరిగి వచ్చింది పోయిన జట్టు కాదు. పేరే తిరిగి వచ్చింది. పోయిన జట్టు అరిజోనాలో యజమానులు మారి, స్టేడియాలు మారి, 2024లో యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీకి వెళ్ళిపోయింది. విన్నిపెగ్‌కు వచ్చినది అట్లాంటా సొత్తు. అట్లాంటా నగరం 1980లో ఒక జట్టును కాల్గరీకి, 2011లో రెండవదాన్ని విన్నిపెగ్‌కు పోగొట్టుకుంది. కెనడా పుస్తకాల్లో ఆ సంగతి ఒక వాక్యంలో వస్తుంది. అక్కడా ఎవరో తాతగారు మనుమణ్ణి తీసుకుని ఆటకు వెళ్ళి ఉంటారు గదా.

ఇక క్విబెక్. 2010 అక్టోబరులో వేలాదిమంది నీలిరంగు చొక్కాలతో అబ్రహాం మైదానంలో కవాతు చేశారు. ఆ డిసెంబరులో వెయ్యిమందికి పైగా బస్సుల్లో న్యూయార్కు దగ్గరి లాంగ్ ఐలండుకు వెళ్ళి, తమది కాని ఆటలో కూర్చుని, తమ జట్టు పేరు అరిచి వచ్చారు. నగరపాలకసంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి సుమారు 37 కోట్ల డాలర్లతో కొత్త స్టేడియం కట్టాయి. 2015 సెప్టెంబరులో తెరిచారు. పద్దెనిమిదివేలకు పైగా సీట్లు. ఆ సంవత్సరమే క్విబెకోర్ అనే సంస్థ జట్టుకోసం దరఖాస్తు పెట్టింది. 2016 జూన్‌లో లీగు 50 కోట్ల డాలర్ల రుసుముకు లాస్ వెగాస్‌కు జట్టు ఇచ్చి, క్విబెక్ దరఖాస్తును వాయిదా వేసింది. 2018లో 65 కోట్లకు సియాటిల్‌కు ఇచ్చింది. క్విబెక్ వాయిదా అలాగే ఉన్నది. 2024 అక్టోబరులో లాస్ ఏంజిలిస్ జట్టు అక్కడ రెండు ప్రదర్శన ఆటలు ఆడింది. దానికి రాష్ట్ర ఖజానా నుంచి లక్షలాది డాలర్లు ఇస్తామన్నందుకు ప్రభుత్వం మీద తిట్లు కురిశాయి. ఇల్లు కట్టి, గుమ్మానికి తోరణాలు కట్టి, పెళ్ళివారికోసం పదేళ్ళుగా ఎదురుచూస్తున్న ఇల్లు అది. నా అభిప్రాయం అడిగితే, ముందు జట్టు, తరువాత స్టేడియం అనాలి నేను. కాని విన్నిపెగ్‌లో స్టేడియం ముందే కట్టబట్టి జట్టు వచ్చింది. కనుక నా అభిప్రాయం దగ్గర పెట్టుకుంటాను.

విన్నిపెగ్‌లో కూడా అంతా సజావుగా లేదు. మొదటి మోజు తగ్గింది. కరోనా వచ్చింది, ధరలు పెరిగాయి. 13 వేల సీజను టికెట్లు 2024 నాటికి తొమ్మిదిన్నర వేలకు పడిపోయాయి. ఇలా అయితే దీర్ఘకాలం నడవదని చిప్‌మన్ బాహాటంగానే అన్నాడు. ఆ మాటతో ఊరి పెద్దవాళ్ళందరికీ 1996 గుర్తుకొచ్చింది. 2024–25లో జట్టు లీగు మొత్తంమీద మొదటి స్థానంలో నిలిచింది. కప్పు మాత్రం రాలేదు. 1993లో మాంట్రియల్ గెలిచాక 2025 వరకు కెనడా జట్టు ఏదీ స్టాన్లీ కప్పు ఎత్తలేదు. డాలరు మళ్ళీ దిగింది. 2025లో అమెరికా డాలరు ఒకటికి 1 డాలరు 40 సెంట్ల చుట్టూ తిరిగింది, ఇంచుమించు 1995 నాటి లెక్కే. ఇప్పుడు జీతాల పరిమితి ఒకటి ఉంది గనుక, ఆనాటంత ప్రమాదం లేదని మా అల్లుడు అంటాడు. నేను పద్దులు చూడకుండా సంతకం పెట్టను.

మా మనుమడు ఇప్పుడు ఉద్యోగస్థుడు. నలుగురు స్నేహితులతో కలిసి ఒక సీజను టికెట్టు కొని, ఆటలు వంతులు వేసుకుంటున్నాడు. మొన్న ఫోనులో, "ఈసారి మీరొస్తే నా వంతులో ఒక ఆట మీకు ఇస్తాను తాతయ్యా" అన్నాడు. మా ఇంటావిడ మంకీ టోపీ ఉతికి బీరువాలో పెట్టింది.